పసుపు గిన్నె కింద సోమవారం

మార్స్టాల్,
1973 సెప్టెంబరు 3, సోమవారం

సిగ్నే వదినకి,

నీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. నేను క్షేమం. క్షేమమంటే బతికే ఉన్నానని. ఏం తింటున్నావని మాత్రం అడక్కు. అడక్కుండా ఉండలేవు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. పొద్దున ఓట్స్ గంజి, మధ్యాహ్నం రై రొట్టె, రాత్రికి మళ్ళీ గంజి.

పోయిన వారం గ్రేతే వచ్చి వంటింటి అలమర తెరిచింది. చూసి మెల్లగా మూసేసింది. అచ్చం వాళ్ళమ్మలాగే. సంచీలోంచి ఒక రంగుల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. కొత్తగా కట్టిన వృద్ధాశ్రమం తాలూకు పుస్తకమది. అట్ట మీద సముద్రం వైపు బాల్కనీ, బాల్కనీలో కట్టుడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఇద్దరు ముసలాళ్ళు.

"నాన్నా, అక్కడ భోజనం వేడివేడిగా గదికే తెచ్చిపెడతారు" అంది.

"నాకు వంట రాదని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఏం వచ్చేంటి?"

"బిక్సెమాడ్!" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు వదినా, నోట్లోంచి వచ్చేసింది. "అదేమన్నా బ్రహ్మవిద్యా? ఆదివారం మిగిలిపోయిన మాంసం, మిగిలిపోయిన దుంపలు, చిన్నగా తరిగి పెనంలో పడేయడమేగా. మీ అమ్మ ప్రతి సోమవారం కళ్ళు మూసుకుని చేసేది."

గ్రేతే నన్ను అదోలా చూసింది. "సరే, అక్టోబరులో బంగాళాదుంపలు తవ్వే సెలవులకి మా బడి మూస్తారుగా, ఆ సోమవారం వస్తాను. అమ్మ చేసే బిక్సెమాడ్ చేసి పెట్టు. బాగుందా, ఇంక ఇంటి సంగతి ఎత్తను. బాగోలేదా, బాల్కనీ!" అంది. చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నాను.

ఇవాళ ఒకసారి చేసి చూద్దామని పచ్చి పంది మాంసం కొనుక్కొచ్చాను. దుంపలు ఉడకబెట్టి వేడి మీదే తరిగి, అన్నీ కలిపి పెనంలో వేశాను. ముద్దయి కూర్చుంది. పడవలు చేసే మా పక్కింటి విగ్గో రుచి చూసి, "ఏమోయ్ ఎస్కిల్డ్, కొంచెం మిగుల్చు, పలకల సందుల్లో కూరడానికి పనికొస్తుంది" అన్నాడు.

నవ్వుకో, నాకేం. కానీ వదినా, ఈ ఇల్లు వదిలితే నేను బతకలేను. ఈ వంటింటి కిటికీలోంచి ఫెర్రీ వచ్చేదీ పోయేదీ కనబడుతుంది. నేను ఆ ఇంజను గదిలో పని చేసినన్నాళ్ళూ నీ చెల్లెలు డాగ్నీ ఇక్కడ నిలబడే చూసేది. ఆవిడ బిక్సెమాడ్ ఎలా చేసేదో నాలుగు ముక్కలు రాసి పంపు. ఫోను మాత్రం చెయ్యకు. ఎక్స్ఛేంజిలో కూర్చునే ఆవిడ మన మాటలు విని, మనకంటే ముందు ఊరందరికీ చెప్పేస్తుంది.

నీ మరిది,
ఎస్కిల్డ్


స్వానెకె,
సెప్టెంబరు 5

ఎస్కిల్డూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత తల పట్టుకున్నాను. అప్పుడే దింపిన దుంపలతో బిక్సెమాడా! నలభై ఏళ్ళు బడి పిల్లలకి వండిన దాన్ని, నా మరిది చేసిన ఘనకార్యం పైకి చెప్పుకోగలనా?

శ్రద్ధగా విను. బిక్సెమాడ్‌కి ఏదీ కొత్తగా కొనకూడదు. నిన్న ఉడికించిన దుంపలు కావాలి, చల్లారి గట్టిపడ్డవి. నిన్నటి రోస్టు కావాలి. కొత్త మాంసంతో చేస్తే గ్రేతే మొదటి ముద్దకే పట్టేస్తుంది. అది డాగ్నీ కూతురు. ఆదివారం తోలుతో సహా పంది రోస్టు చెయ్యి, తిను, మిగిలింది దాచు. సోమవారం అవీ ఉల్లిపాయలూ వేలి గోరంత ముక్కలుగా తరుగు. మూడూ కలిపి పెనంలో కుమ్మరించకు. ఉల్లిపాయలు ముందు, సన్నటి సెగ మీద, ఓపిగ్గా. తీసి పక్కన పెట్టి, మళ్ళీ వెన్న వేసి దుంపలు. అంచులు ఎర్రబడేదాకా వాటి జోలికి పోకు. నీకు గరిటె చేతికిస్తే పడవకి రంగు కలిపినట్టు కలుపుతావు. చివర్న మాంసం. పైన ఒక గుడ్డు, పచ్చసొన కారేలా ఉండాలి. పక్కన బీట్‌రూట్ ఊరగాయ. మిరియాలు మర్చిపోకు.

ఇక్కడ చేపలకి పొగబెట్టే కొట్టం వాళ్ళు గాలి చూసుకోకుండా పొయ్యి వెలిగిస్తున్నారు. నేను ఆరేసిన బట్టలన్నీ హెర్రింగ్ చేప వాసన. పోయిన ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చున్నావిడ, "ఏమిటో సిగ్నే, నీ పక్కన కూర్చుంటే ఆకలేస్తోంది" అంది.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆ బాల్కనీ అంత చెడ్డదేం కాదు. మనిషికి మనిషి తోడుండాలి. ఒంటరిగా తినడం ఎలా ఉంటుందో నాకు తెలీదా.

సిగ్నే


మార్స్టాల్,
సెప్టెంబరు 17, సోమవారం

వదినకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందటి ఆదివారం నా ఒక్కడికి సరిపోయేంత రోస్టు చేశాను. ఇల్లంతా ఏం వాసననుకున్నావ్! ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని ఒక ముక్క కోశాను. సరిపోయిందని గట్టిగా తెలుసుకుందామని ఇంకో ముక్క. చివరికి పళ్ళెంలో ఎముక మిగిలింది. ఎముకతో బిక్సెమాడ్ చేసే ఉపాయం నీ దగ్గరుందా?

నిన్న రెట్టింపు చేశాను. ఈసారి నిబ్బరంగా, రెండు ముక్కల దగ్గరే ఆగాను. అప్పుడే తలుపు చప్పుడైంది. విగ్గో. "వాసన నా దుకాణం దాకా వచ్చింది, ఇక పని సాగుతుందా?" అంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు. ఇంటికొచ్చిన వాణ్ణి ఇంకొంచెం వేసుకో అనకుండా ఎలా? అన్నాను. వేసుకున్నాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ వేసుకున్నాడు. మర్యాదకి అనడం ఆపలేను, వాడు మర్యాదకైనా వద్దనడు.

వాడి వెనకే సెల్మా వచ్చింది. పిలవలేదు. వచ్చి నా కుర్చీ పక్కనే కూర్చుంది. ఏం కళ్ళు వదినా! ఆ కళ్ళతో అలా చూస్తుంటే కాదనడం ఎవరి తరం? కరకరలాడే తోలంతా సెల్మాకే పెట్టేశాను. విగ్గో లేచి వెళ్ళిపోయినా తను కదల్లేదు. డాగ్నీ కుర్చీలో హాయిగా నిద్రపోయింది. నాకూ లేపబుద్ధి కాలేదు. ఇవాళ పొద్దున తలుపు తీస్తే మళ్ళీ గుమ్మంలో ఉంది. ఇద్దరం కలిసి రేవు దాకా నడిచి వచ్చాం. ఊళ్ళో వాళ్ళు చూసి నవ్వుతున్నారు. నవ్వుకోనీ. ఎన్నాళ్ళకో ఇల్లు ఇల్లులా ఉంది.

మాంసం మాత్రం మిగలలేదు. ఏం చెయ్యను?

ఎస్కిల్డ్


స్వానెకె,
సెప్టెంబరు 22

శ్రీ ఎస్కిల్డ్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు సంతోషంగా ఉన్నందుకు సంతోషం.

నా చెల్లెలు పోయి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆవిడ కుర్చీలో ఎవరెవరో వచ్చి నిద్రపోతున్నారు. నేను మొహమాటం లేకుండా మనిషికి తోడుండాలని రాశాను, నిజమే. నా మాట ఇంత తొందరగా పాటిస్తారని అనుకోలేదు. ఆ కళ్ళున్నావిడకి బిక్సెమాడ్ చేయడం కూడా వచ్చే ఉంటుంది. ఇకమీదట ఆవిణ్ణే అడగండి.

గ్రేతేకి ఈ విషయం వేరేవాళ్ళ ద్వారా తెలియడం బాగుండదని నేనే ఉత్తరం రాశాను.

సిగ్నే


మార్స్టాల్,
సెప్టెంబరు 27

వదినా,

సెల్మా విగ్గో వాళ్ళ కుక్క.

నాలుగు కాళ్ళు, ఒక తోక, నల్లటి ముక్కు. వేసవిలో నీకు పంపిన ఫోటోలో విగ్గో పక్కన నిలబడి ఉంది, చూడు. విగ్గో అంటే సెల్మా కూడా అని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, నీకూ తెలుసనుకున్నాను. అదే నా తప్పు.

నీ ఉత్తరం అందిన రోజే గ్రేతే ఫోను చేసింది. "నాన్నా, ఎవరావిడ? నాకు నువ్వే చెప్పొచ్చుగా!" అని ఒకటే ఏడుపు. కుక్కే తల్లీ, విగ్గో కుక్క అని నేను అరుస్తూనే ఉన్నాను. ఎక్స్ఛేంజి ఆవిడ మొదటి సగం విని ఫోను పక్కన పెట్టేసినట్టుంది, రెండో సగం వినలేదు. మర్నాడు రొట్టెల దుకాణానికి వెళ్తే యజమానురాలు కళ్ళొత్తుకుంటూ నా చేతులు పట్టుకుని, ఇద్దరికి సరిపడా క్రీము కేకు పొట్లం కట్టి ఇచ్చింది. డబ్బులు పుచ్చుకోలేదు. నిజం చెప్పడానికి మనసొప్పలేదు. కేకు సగం సెల్మాకి పెట్టాను. అంటే ఆవిడ ఇచ్చింది వ్యర్థం పోలేదనే అనుకోవాలి.

నువ్వు నన్ను 'గారు' అన్నావు చూడు, అది మాత్రం గుచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఎన్ని తిట్లు తిట్టినా ఆ మాట అనలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. గ్రేతే రావడానికి ఇంక ఎన్నో రోజులు లేవు. ఏ ఆదివారం చూసినా ఒక్క ముక్క మిగలడం లేదు. ఇది నాకు అంతుబట్టడం లేదు వదినా. మా ఇంట్లో ఆదివారాలు ఎలా ఉండేవో నీకు తెలుసు. నేను, గ్రేతే, నా వెంట ఫెర్రీ నుంచి ఇద్దరో ముగ్గురో కుర్రాళ్ళు. తోడేళ్ళలా తినేవాళ్ళం. అయినా సోమవారం పెనం నిండా బిక్సెమాడ్! మా ఇల్లంటే ఎప్పుడూ నిండుగా ఉండే ఇల్లని పదిమందికీ చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడేమైంది? నేను వెళ్ళే మాంసం దుకాణం మంచిది కాదా?

నీ మరిది (గారు కాదు),
ఎస్కిల్డ్


స్వానెకె,
అక్టోబరు 3

ఎస్కిల్డూ,

ఫోటో తీసి చూశాను. కళ్ళు బాగానే ఉన్నాయి.

నా కోపం సంగతి నీకు తెలియనిది కాదు. ముందు ఉత్తరం పోస్టు చేస్తాను, తర్వాత ఆలోచిస్తాను. గ్రేతేకి మళ్ళీ రాశాను. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయని జవాబిచ్చింది. కానీ చివర్న ఒక వాక్యం రాసింది: "పెద్దమ్మా, అది కుక్కని తెలిశాక నాకెందుకో కొంచెం బాధేసింది." ఆ పిల్ల నిన్ను ఇల్లు ఖాళీ చేయించాలని చూడటం లేదు. నువ్వు ఒక్కడివే కూర్చుని గంజి తాగడం చూడలేకపోతోంది.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. చెప్పకూడదనే అనుకున్నాను. డాగ్నీ కూడా చెప్పొద్దనే అనేది. కానీ నువ్వు పాపం మాంసం దుకాణాన్ని అనుమానిస్తుంటే ఊరుకోవడం న్యాయం కాదు.

మీ ఇంట్లో ఏ ఆదివారమూ ఏదీ మిగల్లేదు, పిచ్చివాడా. తోడేళ్ళలా తినేవాళ్ళమని నువ్వే రాశావు. ఎలా మిగులుతుంది?

రోస్టు బల్ల మీదికి రాకముందే డాగ్నీ ఒక చివర కోసేది. బాగా కాలిన, మంచి చివర. పళ్ళెంలో పెట్టి, పైన పసుపు రంగు గిన్నె బోర్లించి, సామాన్ల గదిలో పై అరలో జామ్ సీసాల వెనక దాచేది. దుంపలు కూడా వేరే గిన్నెలో ఉడకబెట్టి అక్కడే పెట్టేది. చేతికి డబ్బు ఆడే రోజుల్లో అది మాంసం దుకాణంలో ఇంకొంచెం ఎక్కువ తీసుకుంటే సరిపోయేది. యుద్ధంలో జర్మన్లు మన దేశంలో ఉన్న రోజుల్లో, ఆ తర్వాత ఫెర్రీ వాళ్ళ సమ్మె జరిగిన చలికాలంలో, ఆ దాచిన ముక్క తన వాటానే. ఒకసారి నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు నా కళ్ళారా చూశాను. మీరంతా తిని లేచి 'భోజనం బాగుంది, కృతజ్ఞతలు' అనేసి వెళ్ళారు. తను పళ్ళేలు తీస్తోంది. తన పళ్ళెంలో దుంప, గ్రేవీ తప్ప ఇంకేం లేదు. అడిగితే, "నాకు మాంసం అంత పడదక్కా" అంది. చిన్నప్పుడు నా పళ్ళెంలోంచి మాంసం దొంగిలించిన పిల్ల!

ఎందుకే ఈ అవస్థ అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఒక సోమవారం నువ్వు ఇంజను గది నుంచి అలసిపోయి వచ్చి, బిక్సెమాడ్ తిని, ఆదివారం రోస్టు కంటే ఇదే బాగుందన్నావట. తర్వాత చేతుల నూనె కడుక్కుంటూ ఈల వేశావట. "ఆ ఈల కోసం అక్కా" అంది.

నువ్వు దాన్ని మిగిలిపోయిన తిండి అంటావు. అను. అది అందరికంటే ముందు కోసిన ముక్క.

సిగ్నే


మార్స్టాల్,
అక్టోబరు 8, సోమవారం

వదినా,

గిన్నె దొరికింది. జామ్ సీసాల వెనకే ఉంది. అంచు కొంచెం పగిలింది.

మా డాగ్నీకి మాంసం ఇష్టం ఉండదని నేను అందరికీ చెప్పేవాణ్ణి వదినా. ఆవిడ పుట్టినరోజులకి కూడా చేపే తెచ్చేవాణ్ణి. తనేమో నవ్వుతూ వండేది. ఒక్కసారైనా పళ్ళెం వైపు చూడలేదు నేను. వంటింట్లో గిన్నె చేత్తో పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. సెల్మా చూసింది, ఎవరికీ చెప్పదు.

వచ్చే ఆదివారం రోస్టు చేస్తున్నాను. విగ్గోని రావద్దనను. డాగ్నీ ఎవరినీ రావద్దనలేదుగా. ముందే కోస్తాను.

భయంగా ఉంది. బాల్కనీ గురించి కాదు. ఇప్పుడది డాగ్నీ చేసినట్టు రాకపోతే ఆవిడకి మొహం చూపించలేను.

ఎస్కిల్డ్


మార్స్టాల్,
అక్టోబరు 16, మంగళవారం

వదినకి,

ఉన్నది ఉన్నట్టు రాస్తాను, మధ్యలో కంగారుపడి చివరి పేజీకి దూకకు.

ఆదివారం రోస్టు పొయ్యిలోంచి తీయగానే మంచి చివర కోశాను. గిన్నె బోర్లించి పై అరలో పెట్టి, సామాన్ల గది తలుపుకి కుర్చీ అడ్డం వేశాను. అది సెల్మాకి భయపడి. విగ్గో వచ్చాడు. పళ్ళెం అటూ ఇటూ తిప్పి చూశాడు. జీవితమంతా పలకలు కొలిచిన మనిషి కదా.

"ఏమోయ్, ఈ పంది ఒక పక్క పొట్టిగా పుట్టిందా?" అన్నాడు.

"దుకాణంలో అలాగే ఇచ్చారు" అన్నాను. అబద్ధం నల్లేరు మీద బండిలా నడిచింది. అయినా వాడికి మర్యాద చేయకుండా ఉండలేక ఇంకొంచెం వేసుకో అంటూనే ఉన్నాను. నా వంతు వచ్చేసరికి దుంపలు, గ్రేవీ ఉన్నాయి. అవే తిన్నాను. రుచిగానే ఉన్నాయి గానీ, వదినా, పక్కవాడి పళ్ళెంలో కరకరలాడే చప్పుడు వింటూ గ్రేవీ తినడం తేలికేం కాదు. ఒక్క ఆదివారానికే నాకు తెలిసొచ్చింది.

సోమవారం గ్రేతే వచ్చింది. సంచీలో ఆ రంగుల పుస్తకం కనబడుతూనే ఉంది. నేను ఉల్లిపాయలు మొదలుపెట్టాను. ఫెర్రీ కూత వినబడి ఒక్క క్షణం కిటికీ వైపు తిరిగాను, అంతే, ఒక పక్క మాడాయి. దుంపల జోలికి మాత్రం పోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మాంసం వేశాను. గుడ్డు పచ్చసొన నువ్వు చెప్పినట్టే కారింది. పెనం తెచ్చి తన ముందు పెట్టాను.

తిన్నది. నమిలింది. నేను కుర్చీ అంచు మీద కూర్చున్నాను.

"అమ్మ చేసినట్టు లేదు" అంది. "ఉల్లిపాయలు మాడ్చావు."

"అవును" అన్నాను. ఆ నవ్వే ముసలాళ్ళిద్దరూ కళ్ళ ముందు కనబడ్డారు.

కానీ అది ఇంకొంచెం వేసుకుంది. తర్వాత ఇంకొంచెం. నాకు దాని ఆకలి చూడటమే బాగుంది. పెనంలో ఉన్నదంతా దాని పళ్ళెం వైపే తోస్తున్నాను. ఒక్కసారిగా ఫోర్కు ఆపేసి నా పళ్ళెం చూసింది. అందులో దుంపలు, బీట్‌రూట్ ముక్కలు మాత్రమే ఉన్నాయి.

"నువ్వు మాంసం వేసుకోలేదేం నాన్నా?"

"నాకంత పడదులేమ్మా" అన్నాను.

వదినా, నేను అనుకుని అన్నమాట కాదది. నోట్లోంచి వచ్చేసింది. గ్రేతే మొహం ఎలా అయిపోయిందో చెప్పలేను. దానికి తెలుసు. చిన్నప్పుడే ఒకసారి జామ్ కోసం పై అర ఎక్కి గిన్నె ఎత్తి చూసిందట. "ఎవరికీ చెప్పకు" అని వాళ్ళమ్మ దాని నోటికి జామ్ పూసిందట. ఇన్నేళ్ళూ అదీ చెప్పలేదు. మీ ఆడవాళ్ళందరూ కలిసి నన్ను ఒక్కణ్ణే తెలివితక్కువవాణ్ణి చేశారు.

అది లేచి సగం మాంసం నా పళ్ళెంలో వేసింది. "తిను. అమ్మని ఎవరూ తినమనలేదు, నేను నిన్ను అంటున్నాను" అంది. తిన్నాను. తర్వాత, బల్ల గుడ్డ కాలుతోందని, సంచీలోంచి ఆ పుస్తకం తీసి వేడి పెనం కింద పెట్టింది. ఇప్పుడు బాల్కనీ మీద నల్లటి గుండ్రటి మచ్చ ఉంది, ముసలాళ్ళిద్దరూ అందులో కలిసిపోయారు. సెలవులన్నాళ్ళూ ఇక్కడే ఉంటానంది. పళ్ళేలు కడుగుతుంటే గ్రేతే గిన్నె తుడవడం ఆపి నన్ను చూసింది. అప్పుడు తెలిసింది నేను ఈల వేస్తున్నానని.

నువ్వు మొదటి ఉత్తరంలో ఒక మాట రాశావు, ఒంటరిగా తినడం ఎలా ఉంటుందో నాకు తెలీదా అని. ఆరోజు నా గొడవలో పడి దాన్ని దాటేశాను. ఇకమీద ప్రతి ఆదివారం రోస్టు చేస్తాను. బల్ల మీదికి రాకముందే ఒక చివర కోసి గిన్నె బోర్లిస్తాను. అది నీది. ఏ సోమవారం వస్తావో నీ ఇష్టం. రాకపోతే మంగళవారం సెల్మాకి పెడతాను. నీకు పడని మనిషికి నీ వాటా పోతుందని చెప్తున్నాను, తర్వాత నన్ననకు.

నీ మరిది,
ఎస్కిల్డ్


స్వానెకె,
అక్టోబరు 21

ఎస్కిల్డూ,

ఉల్లిపాయలు వేగుతుంటే కిటికీ వైపు ఎవరైనా చూస్తారా? సన్నటి సెగ అని రాశానా లేదా? గ్రేతే మంచి పిల్ల కాబట్టి తినేసింది.

నలభై ఏళ్ళు ఊరి పిల్లలందరికీ వండాను. మా ఆయన పోయాక నా ఒక్కదానికే వండుకుంటున్నాను. చిన్న గిన్నె, ఒక దుంప, ఒక చేప. మిగలదు, చాలకపోదు. నీ ఉత్తరం చదివాక ఆ గిన్నె కేసి చూస్తూ కూర్చున్నాను. నా కోసం ఇంతవరకూ ఎవరూ ముందు ముక్క తీసి పెట్టలేదు ఎస్కిల్డూ. ఈ వయసులో ఈ మాట ఒకరికి రాస్తానని అనుకోలేదు.

మోకాలు అలాగే ఉంది. అది ఇక్కడున్నా నొస్తుంది, పడవలోనూ నొస్తుంది. ఇరవై తొమ్మిదో తారీకు సోమవారం మధ్యాహ్నం ఫెర్రీకి వస్తున్నాను. బీట్‌రూట్ ఊరగాయ నేనే తెస్తాను, దుకాణంది కొనకు. నా బట్టలు చేప వాసనేస్తాయి, సెల్మాకి ముందే చెప్పి ఉంచు.

ఉల్లిపాయలు ముట్టుకోకు. గిన్నె కూడా ఎత్తకు, నేనే ఎత్తుతాను.

సిగ్నే వదిన